నిలబడని పొర

"శ్రీకరమ్మా, తలుపు తియ్యి! లేకుంటే లోపల నిన్ను పెట్టే సీలు వేసేస్తా సూడు!"

తిరుమలయ్య అరచేత్తో ల్యాబు తలుపు బాదుతున్నాడు. ఆయన ఆఫీసు సూపరింటెండెంటు. చేతిలో లక్క ముక్క, కొవ్వొత్తి, తెల్లగుడ్డ పీలిక ఉన్నాయి. విచారణ కమిటీ కూర్చునేలోపు ల్యాబు మూసి తాళంచెవి అప్పగించమని డైరెక్టరు ఉత్తర్వు.

లోపల శ్రీకరి కుర్చీలోంచి కదలలేదు. కంప్యూటర్ తెర మీద ఒక్కొక్కటే పడుతున్న చుక్కల్నే చూస్తోంది.

ఈ చుక్కలు ఎటు పోతాయన్న దాని మీద గుణశేఖర్ బతుకు ఆధారపడి ఉంది. వాడు ఆమెకు జూనియర్. మరి కాసేపట్లో వాణ్ణి మోసగాడిగా తేల్చి సంస్థ నుంచి తీసేస్తారు. తప్పు ఒప్పుకుంటూ సంతకం పెడితే పోలీసు కేసు ఉండదు. పెట్టకపోతే ఉంటుంది.

చంద్రగిరి దాటాక కొండ పక్కన ఉన్న స్వర్ణముఖి పదార్థ విజ్ఞాన కేంద్రానికి ఈ ఏడాది మొదట్లో పెద్ద పేరొచ్చింది. కారణం ఒక పొర. ఇనుము, జెర్మేనియం, టెల్లూరియం కలిపి సిలికాన్ చిప్పు మీద పరిచిన పొర అది. మందం కొన్ని అణువులే. అంత పల్చని పొరలో అయస్కాంతత్వం నిలవడం కష్టం. మామూలు గది వేడి చాలు, లోపలి సూక్ష్మ అయస్కాంతాలను తలో దిక్కుకూ చెదరగొట్టడానికి. వాటిని ఒక దిక్కున నిలబెట్టగలిగే గుణం ఒకటే ఉంది. దాన్ని అనైసోట్రోపీ అంటారు. వెదురు నిలువుగా చీలినంత సులువుగా అడ్డంగా చీలదు. అలాగే కొన్ని పదార్థాల్లో అయస్కాంతత్వానికి కూడా ఒక ఇష్టమైన దిక్కు ఉంటుంది. తమ పొరలో అవన్నీ గది వేడిలో కూడా పొరకు నిటారుగా లేచి నిలబడుతున్నాయని శ్రీకరి వాళ్ళ పరిశోధన పేపరు చెప్పింది. రేపటి మెమరీ చిప్పులకు ఇదే దారి అన్నారు అందరూ.

తర్వాత బెంగళూరులో ఒక ల్యాబు అలాంటి పొరనే చేసి కొలిచింది. ఏమీ రాలేదు. విదేశాల్లో ఇంకొకరు కొలిచారు. ఏమీ రాలేదు. చిప్పుల్ని తయారుచేసి మిషన్లోకి ఎక్కించేది గుణశేఖర్. వాడే వాటికి ఇనుప పొడి పూశాడని అన్నారు.

తలుపు మళ్ళీ మోగింది.

ఆ ల్యాబులో పొరను కొలవడానికి రెండు సాధనాలున్నాయి. గాజు పట్టీ మీద చిప్పును అంటిస్తే అయస్కాంత క్షేత్రం పొర వెంబడి పారుతుంది. ఇత్తడి గొట్టంలో అడ్డంగా ఇరికిస్తే పొరను గుచ్చుకుంటూ పోతుంది. గాజు పట్టీతో సిగ్నల్ దాదాపు సున్నా. ఇత్తడి గొట్టంతో నిటారైన గీత. ఆ తేడాయే వాళ్ళ పేపరు, వాళ్ళ పేరు, వాళ్ళ భవిష్యత్తు.

ఇవాళ శ్రీకరి ఇంతవరకూ ఎవరూ చేయని పని చేసింది. ఇత్తడి గొట్టంలోనే చిప్పును అడ్డంగా కాకుండా నిలువుగా తిప్పి పెట్టింది. గుణం పొరదే అయితే పొరతో పాటే తిరగాలి. గీత పడిపోవాలి.

చుక్కలు పడిపోలేదు. పాత దారిలోనే పైకి లేచాయి.

శ్రీకరి చిప్పును బయటికి తీసి పక్కన పెట్టింది. ఉత్త గొట్టాన్ని పట్టుకుని వెళ్ళి తలుపు తీసింది.

"తిరుమలయ్యన్నా, లోపలికి రా. దీంట్లో ఏమన్నా ఉందా, చూసి చెప్పు."

తిరుమలయ్య ఒక కన్ను మూసి గొట్టంలోంచి కిటికీ వైపు చూశాడు. "ఏముండాది? మొండిగోడ కనపడతా ఉండాది. ఏంది పాపా, గారడీయా?"

"నువ్వు సాక్షివి. కదలకుండా చూడు."

ఆమె గొట్టాన్ని మిషన్లోకి దించింది. పంపు గురకపెట్టింది. తెర మీద చుక్కలు మొదలయ్యాయి. మళ్ళీ అదే గీత. అచ్చం పేపర్లో అచ్చయిన గీత.

"ఏమీ లేనిదానికి ఇంత గీత గీస్తా ఉండాదే!" అన్నాడు తిరుమలయ్య. "మా ఆఫీసులో కొన్ని ఫైళ్ళు గూడా ఇంతే అబ్బా."

శ్రీకరి నవ్వలేదు. గొట్టాన్ని బయటికి తీసి భూతద్దం కింద పెట్టింది. లోపలి గాడిలో వెంట్రుక మందాన ఒక ఎర్రటి చార. గొట్టం పొడవునా నిలువుగా ఉంది.

ఆ ఎరుపు ఆమెకు తెలుసు. వాళ్ళ నాన్న శేషసాయి రోజూ పొద్దున స్నానం చేసి నుదుటి మీద తెల్లనామం మధ్యలో దిద్దుకునే నిలువు గీత. శ్రీచూర్ణం.

రెండేళ్ళ కిందటి ఆయుధపూజ గుర్తొచ్చింది. గైడు ప్రొఫెసర్ సంపత్కుమార్ ఏటా స్వయంగా చేసే పూజ అది. అరిటాకు మీద పట్టకార్లు, గాజు పట్టీ, ఇత్తడి గొట్టం పరిచి, తులసి పుల్లతో ఒక్కొక్కదానికీ నామం దిద్దారు. గాజుకు అంటలేదు, జారిపోయింది. ఇత్తడి గొట్టం గాడిలోకి దిగి మిగిలిపోయింది. ఇప్పుడు బజార్లో దొరికే ఎర్రపొడిలో ఇనుముతో చేసిన రంగు కలిసే ఉంటుంది. అంత పల్చని పొర ఇచ్చే సిగ్నల్ ఎంత చిన్నదంటే, దాన్ని మించిపోవడానికి ఆ చార చాలు. పైగా అది సన్నని నిలువు గీత. పొడవునా అయస్కాంతత్వం పట్టడానికే ఇష్టపడుతుంది.

ఖాళీ గొట్టాన్ని కొలిచి పెట్టుకున్నది అంతకుముందు ఎండాకాలంలో. అప్పటి నుంచీ ప్రతి లెక్కలోంచీ ఆ పాత కొలతనే తీసేస్తూ వచ్చారు. "ఒకసారి కొలిచాం కదా, మిషన్ చల్లార్చే హీలియం వృథా చేయకండి" అనేవారు సార్. ఎవరూ మళ్ళీ కొలవలేదు.

గుణశేఖర్ తప్పు చేయలేదు. ఆ సంతోషం ఒక్క ఊపిరి సేపు నిలిచింది. ఆ వెంటనే రెండో సంగతి తెలిసొచ్చింది. పొర ఏనాడూ లేచి నిలబడలేదు. గది వేడిలో అది చచ్చిన పొరే. ఇన్నాళ్ళూ ఆమె కొలిచింది ఒక బొట్టును.

"నాకు పది నిమిషాలియ్యి అన్నా. గొట్టం ఇక్కడే ఉంటుంది. ఎవరినీ ముట్టనీయకు."

"కమిటీ అయ్యవార్లు బిర్యానీలు తింటా ఉండారు. పోయి రా."

* * *

గుణశేఖర్ మెట్ల కింద కూర్చుని ఉన్నాడు. చొక్కా జేబులో కొత్త పెన్ను. సంతకం కోసం కొనుక్కొచ్చినట్టుంది.

"గుణా, నువ్వు కాదురా. గొట్టం! ఖాళీ గొట్టమే సిగ్నల్ ఇస్తోంది."

వాడు తలెత్తాడు. ముఖంలో ఏమీ మారలేదు. "నా చేతుల్లోనే ఏదో ఉండాదని సార్ చెప్పినాడు అక్కా. నిన్న చానాసేపు నచ్చచెప్పినాడు. కావాలని చేసుండవు, కానీ చేసింది నువ్వే అన్నాడు. ఆలోచిస్తే నాకూ అట్లే అనిపిస్తా ఉండాది."

"గొట్టంలో శ్రీచూర్ణం ఉందిరా. రెండేళ్ళ కిందట పూజలో పెట్టింది. అందులోని ఇనుము అది."

శ్రీకరి వాడి ముఖంలో వెలుగు కోసం చూసింది. వాడు అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"ఆ పొడి తెచ్చింది నేనే కదక్కా."

"ఏమిటి?"

"కాణిపాకంలో మా అంగట్లోదే. పూజ సామానంతా నాయనే పొట్లాలు కట్టి ఇచ్చినాడు. మీ సార్ వాళ్ళు నామాలోళ్ళు, కుంకుమ గాదు, ఇదే పెడతారు అని ఏరి ఇచ్చినాడు." వాడు చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "చూసినావా? ఎట్ల తిప్పినా నాకాడికే వస్తా ఉండాది."

"గుణా, పిచ్చిమాటలు మాట్లాడకు. నేను సార్‌తో మాట్లాడి వస్తా. అప్పటిదాకా సంతకం పెట్టొద్దు."

"పొద్దున నాయన ఫోన్ చేసినాడు. అంగడి బోర్డు మీద డాక్టర్ గుణశేఖర్ గారి తండ్రి అని రాయించాలంట. ఎర్రరంగు బాగుంటాదా, పచ్చరంగు బాగుంటాదా అని అడిగినాడు."

"నువ్వేం చెప్పావు?"

"పచ్చ అన్నా."

* * *

సంపత్కుమార్ గది తలుపు తెరిచే ఉంది. నుదుటి మీద చెదరని నామం. శ్రీకరి ఆయన పేరు ఎప్పుడూ నోటితో పలకలేదు. ల్యాబులో సార్. ఇంట్లో ఆచార్యులు. గోవిందరాజుల గుడిలో ఆళ్వారుల ప్రబంధం చదివే గోష్ఠిలో నాన్న, ఆయన పక్కపక్కనే నిలబడతారు. చదువు చెప్పినవాళ్ళ పేరు పలకకూడదని నాన్న చిన్నప్పుడే నేర్పాడు.

ఆమె చెప్పిందంతా ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"దేవుడికి పెట్టిన బొట్టు," అన్నారు చివరికి. "ఎంత పని జరిగింది! మంచినీళ్ళు తాగు అమ్మాయ్. పొడి ఎవరు తెచ్చారు?"

ఆమె తడబడింది. "గుణా తెచ్చాడు సార్. కానీ వాడికేం తెలుసు?"

"తెలియదు. నిజమే. నిర్లక్ష్యం అని రాయిద్దాం, మోసం అని కాదు. సంతకం పెట్టేసి వెళ్ళిపోతాడు. కేసు లేకుండా నేను చూసుకుంటాను. చిన్నవాడు, అంగడి ఉంది, బతికేస్తాడు." గ్లాసును ఆమె వైపు జరిపారు. "నీ థీసిస్‌లో లెక్కల అధ్యాయాలు మంచివి. వాటికి ఈ కొలతలతో పని లేదు. విడదీసి పంపిద్దాం. ఇత్తడి గొట్టం మాట కమిటీ ముందు ఎత్తావనుకో, మొత్తం పోతుంది. నీ పేరే కదా పేపర్లో మొదటిది?"

"మీకెప్పుడూ అనుమానం రాలేదా సార్?"

"ఈ క్షణం దాకా రాలేదు. గోవిందుడి సాక్షిగా చెబుతున్నాను."

ఆమె నమ్మింది. నమ్మగానే ఒంట్లో సగం బరువు దిగింది కూడా. ఎవరూ కావాలని చేయలేదు. ఎవరినీ ఏమీ అనక్కర్లేదు. గుణా చిన్నవాడు. అంగడి ఉంది.

ఆ మాటలు తన తలలో తన గొంతుతోనే వినిపించాయి. నీళ్ళు తాగకుండానే లేచి వచ్చేసింది.

* * *

తిరుమలయ్య ల్యాబు తాళానికి గుడ్డ చుట్టి లక్క కరిగిస్తున్నాడు. "గొట్టం లోపలే పెట్టి సీలు వేస్తా ఉండా. ఇంక దేవుడొచ్చినా ముట్టలేడు." ఎర్రటి చుక్కలు టపటపా పడ్డాయి. "ఈ గదికి మంచికాలం పోయి శానా దినాలైంది పాపా. పోయినేడు ఆయుధపూజ గూడా జరగలేదు గదా."

"జరగలేదా?"

"నువ్వు లేవులే. మద్రాసులో ఏందో మీటింగని పోయుంటివి. ఆ గుణా గూడా దసరాకి ఊరికి పోయినాడు. అన్ని ల్యాబుల ముందరా నేనే గుమ్మడికాయ కొట్టించినా. ఈడికొస్తే సార్ మిషన్లని తాకనీలేదు. 'మాకు మైల తిరుమలయ్యా, పూజ చేయకూడదు' అన్నాడు. సరే మీరొద్దు, నేను పెడతాలే అన్నా. 'లోపలికి రావొద్దు, గడపకి పెట్టి పో' అన్నాడు. అంత నిష్ఠ గల మనిషి, ఎవరు పోయినారో పాపం."

ఇంట్లోనో, దాయాదుల్లోనో ఎవరైనా చనిపోతే మైల. మైల ఉన్నవాళ్ళు పూజ చేయరు. గుడి గడప కూడా తొక్కరు.

శ్రీకరి ఫోన్ తీసి నాన్నకు చేసింది.

"నాన్నా, పోయిన ఆయుధపూజ రోజు సార్ వాళ్ళకి మైల వచ్చిందా?"

"మైలా?" శేషసాయి గొంతులో ఆశ్చర్యం. "లేదే! ఆరోజు పొద్దున గోష్ఠిలో నా పక్కనే ఉన్నాడు. నాకంటే ముందు తీర్థం తీసుకున్నాడు. వాళ్ళిళ్ళల్లో ఎవరైనా పోతే నాకు తెలియకుండా ఉంటుందా? అయినా మైలలో ఉన్న మనిషిని గోష్ఠిలోకి ఎవరు రానిస్తారమ్మా?"

"బాగా గుర్తుందా?"

"నవరాత్రుల్లో ఒక్క రోజు కూడా తప్పలేదాయన. ఎందుకడుగుతున్నావు?"

శ్రీకరి చెప్పింది. ఏటా ప్రతి సాధనానికీ తన చేత్తో బొట్టు పెట్టే మనిషి ఆ ఒక్క ఏడు ఎందుకు పెట్టలేదో, పక్కవాళ్ళను కూడా ఎందుకు పెట్టనివ్వలేదో. ఆ బొట్టు ఏం చేస్తుందో ఆయనకు అప్పటికే తెలుసు. తెలిసీ ఆ దసరా దాటాక పేపరు పంపించాడు. తెలిసీ నిన్న ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి, చేసింది నువ్వేనని నమ్మించాడు.

"ఆయన పేరు ఎత్తొద్దు శ్రీకరీ," అన్నాడు శేషసాయి. "నువ్వు ఎత్తితే రేపు నేను గోష్ఠిలో ఎక్కడ నిలబడాలి?"

"ఎత్తకపోతే గుణా ఎక్కడ నిలబడాలి నాన్నా?"

ఆయన ఫోన్ పెట్టలేదు. శ్రీకరే పెట్టేసింది.

* * *

ఆమె కమిటీ గదిలోకి వెళ్ళేసరికి గుణశేఖర్ పెన్నుకు మూత పెడుతున్నాడు.

కాగితం అధ్యక్షుడి ముందుకు చేరిపోయింది. ఆయన పేరు యోగానంద. బయటి నుంచి పిలిపించిన పెద్దాయన, అయస్కాంతాల మీద పనిచేసి రిటైరైన మనిషి. ఒక పక్కన సంపత్కుమార్ చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"సంతకం పెట్టొద్దన్నాను కదరా," అంది శ్రీకరి.

గుణశేఖర్ తలెత్తలేదు. "అయిపోయిందిలే అక్కా."

"మిమ్మల్ని పిలవలేదే?" అన్నారు యోగానంద.

"పిలవలేదు సార్. పేపర్లో మొదటి పేరు నాది." ఆమె నిలబడే చెప్పింది. చిప్పును తిప్పినా గీత మారలేదని, ఖాళీ గొట్టం అదే గీత ఇచ్చిందని, చూసిన సాక్షి బయట లక్క చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడని. గాడిలోని ఎర్రచార గురించీ చెప్పింది.

యోగానంద కళ్ళజోడు తీశారు. "అంటే పొరలో అనైసోట్రోపీయే లేదంటావు."

"గది వేడిలో లేదు సార్. ఎప్పుడూ లేదు."

"ఆ మాటతో నీ పేపరు పోతుంది. దాంతో పాటు నీ డిగ్రీ. తెలిసే మాట్లాడుతున్నావా?"

"తెలుసు సార్."

"దురదృష్టం," అన్నారు సంపత్కుమార్ మెల్లగా. "పూజ అందరం కలిసే చేశాం. పొడి తెచ్చింది ఈ అబ్బాయి. ఎవరికీ తెలియకుండా జరిగిన పొరపాటు ఇది."

"మరి పోయిన ఏడు మిషన్లకి మీరు బొట్టు ఎందుకు పెట్టలేదు, తిరుమలయ్యని ఎందుకు పెట్టనివ్వలేదు సార్?" శ్రీకరి ఆయన వైపు తిరిగింది.

ఆయన చూపు ఆమె ముఖం మీద ఒక్క క్షణం ఆగింది. "మాకు మైల."

"ఆరోజు పొద్దున మీరు గోష్ఠిలో మా నాన్న పక్కన నిలబడి తీర్థం తీసుకున్నారు."

మిగతా సభ్యులకు ఆ మాటలోని బరువు అర్థం కాలేదు. సంపత్కుమార్‌కి అర్థమైంది. ఆయన ముందు రెండే దారులున్నాయి. మైల నిజమంటే స్వామి ముందు మైలతో నిలబడి, మైలతోనే తీర్థం తీసుకున్న మనిషవుతాడు. ఆ మాట సాయంత్రానికల్లా మాడవీధులు చుట్టేస్తుంది. ఇంకెప్పుడూ గోష్ఠిలో చోటు దొరకదు. మైల అబద్ధమంటే, బొట్టు ఎందుకు ఆపావన్న ప్రశ్న మిగులుతుంది.

చెయ్యి నుదుటి దాకా లేచి, నామాన్ని తాకకుండానే దిగిపోయింది.

"మైల లేదు," అన్నారు.

"మరి పూజ ఎందుకు చేయలేదు?" అడిగారు యోగానంద. "పక్కవాళ్ళని కూడా ఎందుకు చేయనివ్వలేదు?"

యోగానంద పెన్ను తీసి బల్ల మీద పెట్టారు.

"ఖాళీ గొట్టాన్ని మళ్ళీ ఎప్పుడు కొలిచారు ప్రొఫెసర్?"

సంపత్కుమార్ బల్ల చెక్క వైపే చూస్తూ ఉండిపోయారు.

శ్రీకరి గెలిచినట్టు అనిపిస్తుందేమోనని ఎదురుచూసింది. అనిపించలేదు. గుణశేఖర్ ఇంకా తన అరచేతులే చూసుకుంటున్నాడు. కాగితం మీద వాడి సంతకం ఆరిపోయింది. రేపు దాన్ని కొట్టేసినా, ఇనుప పొడి పూసినవాడన్న మాట వాడి కంటే ముందే కాణిపాకం చేరుతుంది. అక్కడ ఎవరో పచ్చరంగు కలుపుతూ ఉంటారు. అవతల సీలు వేసిన గదిలో ఒక పల్చని పొర చల్లగా, నిర్జీవంగా పడి ఉంది. దాన్ని నిలబెట్టే శక్తి ఎవరి మాటకూ లేదు.

యోగానంద గుణశేఖర్ సంతకం ఉన్న కాగితాన్ని తిరగేసి, కొత్త కాగితం తీసుకున్నారు.

"తెలిసీ దాచింది ఎవరో మీ నోటితో చెప్పాలమ్మా. రికార్డులో రాయాలి."

"సార్..." అంది ఆమె.

"సార్ అని రాయలేను. పేరు చెప్పండి."

సార్ తలెత్తి ఆమె వైపు చూశారు. చిన్నప్పుడు గుడి మెట్ల మీద ఆమె చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్ననాటి కళ్ళే అవి. ఇంతకాలం ఒక్కసారి కూడా పలకని ఆ పేరు కోసం శ్రీకరి గొంతులో వెతుక్కుంది.

"సంపత్కుమార్," అంది.